పాక్‌లో ప్రధాని ఉండగా ఆర్మీ చీఫ్‌కి వైట్‌హౌస్‌లో లంచ్ ఏంటి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

రాత్రిబండి:

చాన్నాళ్లుగా ఒక డౌట్ ఉంది, ఇక్కడ హిస్టరీ చదివేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. 2025 జూన్ 18న ట్రంప్ వైట్‌హౌస్‌లో పాక్ ఆర్మీ చీఫ్ ఆసిమ్ మునీర్‌కి లంచ్ ఇచ్చాడు కదా, ఆ టేబుల్ దగ్గర పాక్ ప్రధాని లేడు, విదేశాంగ మంత్రీ లేడు. ముషారఫ్‌నో జియానో పిలిచారంటే వాళ్లు దేశాధ్యక్షులు కూడా, సరే. ఈయన ఉత్త ఆర్మీ చీఫ్. అయినా కూర్చోబెట్టి భోజనం పెట్టారు.

ఇదే ట్రంప్ 2018 జనవరి 1న, కొత్త సంవత్సరం రోజున, పదిహేనేళ్లలో 33 బిలియన్ డాలర్లకి పైగా ఇస్తే పాకిస్తాన్ మాకు అబద్ధాలు, మోసం తప్ప ఏమీ ఇవ్వలేదని ట్వీట్ పెట్టాడు, ఆ వెంటనే సైనిక సాయం కూడా ఆపేశాడు. ఏడేళ్లు తిరిగేసరికి లంచ్.

నాకు అర్థం కానివి రెండు. అక్కడ ఎలక్షన్లు జరుగుతాయి, పార్లమెంట్ ఉంది, విదేశాంగ శాఖ ఉంది, మరి బయటి దేశాలవాళ్లు నేరుగా ఆర్మీ దగ్గరికే ఎందుకు వెళ్తారు? ఇంకోటి, ఇన్నేళ్లు ఇంత డబ్బు, ఇన్ని ఆయుధాలు చేతులు మారాక కూడా వీళ్లకి ఒకళ్ల మీద ఒకళ్లకి నమ్మకం ఎందుకు కుదరలేదు? టీవీ డిబేట్లు చూస్తే అరుపులే తప్ప విషయం ఉండట్లేదు. తిట్లు వద్దు ప్లీజ్.

గళ్లచొక్కా:

అన్ని దేశాలకీ ఆర్మీ ఉంటుంది, అక్కడ ఆర్మీకే ఒక దేశం ఉంది. అయిపోయింది, థ్రెడ్ క్లోజ్ 😄

పాత_పేపర్లు:

గళ్లచొక్కా గారూ, ఆ జోకు మా తాతల కాలం నాటిది, పైగా దాంతో ఏమీ అర్థం కాదు, ఎందుకంటే ఆ ఆర్మీ ఒక్కర్తే కూర్చుని అలా పెరగలేదు, బయటివాళ్లు పెంచారు.

రాత్రిబండి గారూ, మీ రెండు ప్రశ్నలకీ నా లెక్కలో జవాబు ఒకటే. అమెరికా పాకిస్తాన్‌తో స్నేహం చేసిందని మనం అనుకుంటాం గానీ అది మొదట్నించీ రావల్పిండితో చేసిన స్నేహం. ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ అక్కడే ఉంది, ఇస్లామాబాద్ పక్కనే. కొంచెం డేట్లు చూడండి. అమెరికాతో మొదటి రక్షణ సాయం ఒప్పందం 1954 మేలో అయింది. అప్పటికి పాకిస్తాన్‌కి రాజ్యాంగమే లేదు, అది 1956లో వచ్చింది. దేశం మొత్తానికి మొదటి జనరల్ ఎలక్షన్లు ఎప్పుడో 1970లో. అంటే జనం ఓటు వేయడానికి పదహారేళ్ల ముందే ఆర్మీకి వాషింగ్టన్‌లో ఖాతా తెరిచేశారు. ఆ 1954లోనే ఆర్మీ చీఫ్ అయూబ్ ఖాన్ యూనిఫామ్‌లో ఉండగానే రక్షణ మంత్రి కూడా అయ్యాడు, ఆయుధాలు అడిగేదీ ఆయనే, ఒప్పుకునేదీ ఆయనే, పుచ్చుకునేదీ ఆయనే. నాలుగేళ్లకి, 1958 అక్టోబర్లో, దేశాన్నే పుచ్చుకున్నాడు.

ఇక నమ్మకం సంగతి. 1954లోనే ఆగ్నేయాసియా కోసం అమెరికా కట్టిన సైనిక కూటమి సీటోలో చేరారు, మరుసటేడు పశ్చిమాసియా కూటమి బాగ్దాద్ పాక్ట్‌లో, అదే తర్వాత సెంటో అయింది. అమెరికాకి కావాల్సింది సోవియట్ మీద అడ్డుకట్ట. పాక్ ఆర్మీకి కావాల్సింది ఇండియా మీద బలం. ఇద్దరూ ఒకే కాయితం మీద సంతకం పెట్టారు, ఎవరి శత్రువుని వాళ్లు మనసులో పెట్టుకుని. ఇదేమీ దాచిన విషయం కూడా కాదు, సీటో ఒప్పందంలోనే అమెరికా ఒక మెలిక రాసుకుంది, మా బాధ్యత కమ్యూనిస్టు దాడికి మాత్రమే అని. పాక్ ఆ లైన్ చదివింది, చదివీ సంతకం పెట్టింది, ముందు టాంకులు విమానాలు రానీ తర్వాత చూద్దాం అనుకుంది.

దానికి బదులుగా పెషావర్ దగ్గర బడాబేర్‌లో అమెరికాకి నిఘా స్థావరం ఇచ్చారు. 1960 మే 1న సోవియట్ వాళ్లు కూల్చిన యూ-2 గూఢచారి విమానం పెషావర్ నుంచే లేచింది. క్రుశ్చేవ్ పెషావర్ని మ్యాప్‌లో గుర్తు పెట్టుకున్నాం అని బహిరంగంగా బెదిరించాడు. ఆలోచించండి, ఒక అణ్వస్త్ర దేశం మీ ఊరి పేరు పెట్టి బెదిరిస్తోంది, ఆ స్థావరం ఇవ్వాలా వద్దా అని ఆ ఊళ్లో ఒక్కడినీ ఎవరూ అడగలేదు. పార్లమెంటే లేదు అప్పుడు, అడిగేది ఎక్కడ.

1965లో ఆ ప్యాటన్ టాంకులేసుకుని ఇండియా మీదకి వస్తే అమెరికా రెండు దేశాలకీ ఆయుధాలు ఆపేసింది. మనకి దెబ్బ తక్కువ, వాళ్లకి చాలా ఎక్కువ, ఎందుకంటే వాళ్ల ఆర్మీ దాదాపు మొత్తం అమెరికన్ సామానుతోనే నడిచేది, స్పేర్ పార్టులు కూడా అక్కణ్నించే. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని అక్కడ అప్పుడు మొదలైన ఏడుపు ఇప్పటికీ ఆగలేదు. అమెరికావాళ్లని అడిగితే వాళ్లకీ వాళ్ల ఏడుపు ఉంది, కమ్యూనిస్టుల మీద వాడమని ఇచ్చినవి ఖేమ్‌కరణ్‌లో ఏం చేస్తున్నాయి అని.

రాత్రిబండి:

పాత_పేపర్లు గారూ థాంక్స్, 1954 సంగతి నాకు అస్సలు తెలీదు. కానీ అది అయూబ్ కాలం. భుట్టో, బేనజీర్, నవాజ్ షరీఫ్, ఇమ్రాన్, వీళ్లు జనం ఎన్నుకున్నవాళ్లే కదా, వీళ్లెవరూ ఆర్మీ చేతిలోంచి విదేశాంగాన్ని లాక్కోవాలని ట్రై చేయలేదా?

మూడోవరుస:

చేశారండి, చేసినవాళ్ల కథలే చదవాలి అసలు.

నాకు బాగా గుర్తుండిపోయేది జునేజో. ఈయన పేరు మనవాళ్లకి పెద్దగా తెలీదు, జియా ఉల్ హక్ తనే ఏరుకుని 1985లో కూర్చోబెట్టిన ప్రధాని, మెత్తటి మనిషి, చెప్పినట్టు వింటాడనుకున్నాడు. ఆఫ్ఘనిస్తాన్ నుంచి సోవియట్ సైన్యం వెనక్కి వెళ్లడానికి జెనీవాలో చర్చలు జరుగుతున్నాయి, జియా ఏమో కాబూల్‌లో మనవాళ్ల ప్రభుత్వం ఖాయమయ్యేదాకా సంతకం వద్దంటాడు. జునేజో ఏం చేశాడంటే 1988 మార్చిలో అన్ని పార్టీలనీ పిలిచి మీటింగ్ పెట్టాడు, జియాకి బద్ధశత్రువైన బేనజీర్‌ని కూడా పిలిచాడు, విదేశాంగ విషయం మీద అక్కడ అలాంటి మీటింగ్ అంటే మామూలు సంగతి కాదు, అందరూ కానీయమన్నారు, ఏప్రిల్ 14న జెనీవాలో సంతకం అయిపోయింది. దానికి నాలుగు రోజుల ముందే, ఏప్రిల్ 10న, రావల్పిండి దగ్గర ఓఝ్రీ క్యాంపులో ఆఫ్ఘన్ ముజాహిదీన్ కోసం దాచిన ఆయుధాలు పేలిపోయి రాకెట్లు ఇళ్ల మీద పడ్డాయి, చాలామంది పోయారు. జునేజో దాని మీద కూడా ఎంక్వైరీ వేశాడు, అది జనరల్స్ దాకా వెళ్లేలా ఉంది. మే 29న ఆయన విదేశీ టూర్ ముగించుకుని దిగాడు, దిగిన రోజే జియా ప్రభుత్వాన్ని రద్దు చేశాడు. ఎయిర్‌పోర్టులో టూర్ గురించి విలేకర్లతో మాట్లాడి ఇంటికెళ్లేసరికి పదవి లేదు.

జియా అదే ఏడు ఆగస్టు 17న విమానం కూలి చనిపోయాడు, అదే విమానంలో అమెరికా రాయబారి ఆర్నాల్డ్ రాఫెల్ కూడా పోయాడు. ఆ తర్వాత బేనజీర్ గెలిచింది. కానీ ఆమెకి పదవి ఇచ్చేముందు ఒప్పుకోవాల్సినవి ఉన్నాయి, అందులో ఒకటి జియా కాలం నాటి విదేశాంగ మంత్రి సాహిబ్‌జాదా యాకూబ్ ఖాన్‌నే కొనసాగించడం. ఆయన రిటైర్డ్ లెఫ్టినెంట్ జనరల్. జనం ఓటేసి గెలిపించిన ప్రధానికి తన విదేశాంగ మంత్రిని తను పెట్టుకునే దిక్కు లేదు.

2008 ఇంకా తమాషా. గిలానీ ప్రధాని, అమెరికా పర్యటన ముందు, జులై 26న ఆర్మీ చేతిలో ఉన్న గూఢచారి సంస్థ ఐఎస్ఐని హోంశాఖ కిందకి తెస్తున్నాం అని నోటిఫికేషన్ ఇచ్చారు. కొన్ని గంటల్లోనే అబ్బే మీరు తప్పుగా అర్థం చేసుకున్నారు అని వెనక్కి తీసుకున్నారు. అదే ఏడు నవంబర్‌లో ప్రెసిడెంట్ జర్దారీ ఒక ఢిల్లీ సదస్సుకి వీడియోలో మాట్లాడుతూ అణుబాంబు మేం ముందు వాడం అన్నాడు, పాక్ సైనిక విధానానికి పూర్తి రివర్స్ అది. నాలుగు రోజులకి ముంబై దాడులు. ఈ రెంటికీ లింకు ఉందని నేను అనట్లేదు, ఆ ప్లాన్ ఎప్పట్నుంచో నడుస్తోంది, కానీ ఆ తర్వాత ఐఎస్ఐ చీఫ్‌ని ఇండియా పంపిస్తాం అని ముందు ఒప్పుకుని మళ్లీ లేదు లేదు కింద ఆఫీసర్ని పంపిస్తాం అన్నప్పుడు అక్కడ ఎవరి మాట చెల్లుతుందో అందరికీ తెలిసిపోయింది.

నవాజ్ షరీఫ్ 2013లో వచ్చి విదేశాంగ శాఖ తన దగ్గరే పెట్టుకున్నాడు, నాలుగేళ్లు పూర్తిస్థాయి విదేశాంగ మంత్రే లేడు, తను పట్టు బిగిద్దామనుకున్నాడు. 2016 అక్టోబర్లో డాన్ పేపర్లో ఒక వార్త వచ్చింది, మిలిటెంట్ల మీద చర్య తీసుకోకపోతే ప్రపంచంలో ఒంటరైపోతాం అని ప్రభుత్వం ఆర్మీకి ఒక క్లోజ్డ్ మీటింగ్‌లో చెప్పిందని. వార్త తప్పా ఒప్పా అన్నది పక్కకెళ్లిపోయి ఎవరు లీక్ చేశారన్నది పెద్ద గొడవైంది. సమాచార మంత్రి పోయాడు, తర్వాత విదేశీ వ్యవహారాల్లో ప్రధానికి ప్రత్యేక సహాయకుడు తారిఖ్ ఫాతిమీ పోయాడు. అప్పటికీ చాల్లేదు, 2017 ఏప్రిల్ 29న ప్రధాని ఆఫీసు ఇచ్చిన ఆర్డర్ మీద ఆర్మీ ప్రతినిధి ట్విట్టర్లో నోటిఫికేషన్ రిజెక్టెడ్ అని పెట్టాడు. ఒక మేజర్ జనరల్, ప్రధాని ఆర్డర్ని, ట్విట్టర్లో. పది పన్నెండు రోజులకి ఆ ట్వీట్ వెనక్కి తీసుకున్నారు లెండి, కానీ జులైకి నవాజ్ పనామా కేసులో కుర్చీ దిగిపోయాడు.

నేవీబ్లూ:

మూడోవరుస, ఇమ్రాన్ని వదిలేశావ్ బ్రో. 2022 ఫిబ్రవరి 24న పుతిన్ యుక్రెయిన్ మీదకి సైన్యం పంపిన రోజే ఈయన మాస్కోలో ఉన్నాడు, పుతిన్‌తో ఫోటోలు. ఏప్రిల్ 2న ఇస్లామాబాద్‌లో ఒక సెక్యూరిటీ సదస్సులో ఆర్మీ చీఫ్ బజ్వా లేచి రష్యా దాడి వెంటనే ఆగాలి, ఇది పెద్ద విషాదం అని చెప్పి అమెరికాతో మాది పాత బంధం అని కూడా చెప్పాడు. ప్రధాని ఒక పక్క అమెరికా నన్ను దింపడానికి కుట్ర చేస్తోందని సభల్లో కాయితం ఊపుతున్నాడు, ఆర్మీ చీఫ్ ఇంకో పక్క అదే అమెరికాకి సలాం కొడుతున్నాడు, అదీ ఇద్దరూ పదవుల్లో ఉండగానే, వారం రోజుల తేడాలో. ఏప్రిల్ 9 అర్ధరాత్రి దాటాక అవిశ్వాసంలో ఇమ్రాన్ పోయాడు. మొదట ఆయన్ని ఎక్కించింది ఎవరు అనేది కూడా మర్చిపోకూడదు. అక్కడ ప్రతి లీడరూ ఎక్కేటప్పుడు ఆర్మీ నిచ్చెనే వాడతాడు.

కానీ అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. అందరూ పాక్ వైపే చూస్తున్నారు, అమెరికా వైపు కూడా విదేశాంగం యూనిఫామ్ వేసుకునే నడిచింది కదా. 2007 నుంచి 2011 దాకా అమెరికా జాయింట్ చీఫ్స్ ఛైర్మన్, అంటే అక్కడ అందరికంటే పెద్ద సైనికాధికారి, అడ్మిరల్ మల్లెన్. ఆయన ఆ నాలుగేళ్లలో పాకిస్తాన్‌కి ఇరవైసార్లకి పైగా వెళ్లాడు, ప్రతిసారీ అప్పటి పాక్ ఆర్మీ చీఫ్ కయానీతో కూర్చునేవాడు. 2008 ఆగస్టులో అయితే సముద్రం మధ్యలో అబ్రహం లింకన్ అనే విమానవాహక నౌక మీద ఇద్దరూ గుట్టుగా కలిశారు. విదేశాంగ మంత్రులు ఏడాదికోసారి చేతులు కలిపి ఫోటో దిగేవాళ్లు, పని ఇక్కడ జరిగేది. మల్లెన్ మనస్ఫూర్తిగా నమ్మాడనే నాకనిపిస్తుంది, ఇద్దరు సోల్జర్లం, ఒకరి కష్టం ఒకరికి తెలుసు, మాట్లాడుకుంటే తేలిపోతుంది అని.

2011లో ఏమైందో చూడు. జనవరిలో లాహోర్లో రేమండ్ డేవిస్ అనే సీఐఏ కాంట్రాక్టర్ ఇద్దర్ని కాల్చేశాడు. మే 2న అబోటాబాద్‌లో బిన్ లాడెన్ దొరికాడు, కాకుల్ మిలిటరీ అకాడమీకి కూతవేటు దూరంలో, పాక్‌కి ముందు ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్లి కొట్టారు. సెప్టెంబర్లో, రిటైర్ అవడానికి కొద్దిరోజుల ముందు, ఇదే మల్లెన్ సెనేట్ కమిటీ ముందు కూర్చుని, ఆఫ్ఘన్‌లో అమెరికా సైన్యం మీద దాడులు చేసే హక్కానీ నెట్‌వర్క్ ఐఎస్ఐకి చెయ్యి లాంటిది అని చెప్పేశాడు. నాలుగేళ్ల దోస్తీకి అది ఫేర్‌వెల్. నవంబర్ 26న సలాలా పోస్టుల మీద నాటో హెలికాప్టర్లు, విమానాలు దాడి చేసి 24 మంది పాక్ సైనికుల్ని చంపేశాయి. కరాచీ నుంచి తోర్ఖమ్, చమన్ మీదుగా ఆఫ్ఘన్ యుద్ధానికి సరుకు మోసుకెళ్లే నాటో ట్రక్కులన్నీ పాక్ ఆపేసింది, బలూచిస్తాన్‌లో డ్రోన్లు ఎగిరిన షమ్సీ ఎయిర్‌బేస్ ఖాళీ చేయించింది. ఏడు నెలలకి హిల్లరీ క్లింటన్ సారీ చెప్పాక 2012 జులైలో గేట్లు తెరిచారు. మరి ఆ ఏడు నెలల్లో అయినా యుద్ధం ఆగిందా అంటే లేదు, పొత్తూ తెగలేదు. అంత ద్వేషించుకుంటూ కూడా విడిపోలేదు, ఎందుకంటే ఆఫ్ఘనిస్తాన్‌కి సముద్రం లేదు, ఇరాన్ మీంచి వెళ్లలేరు, ఉత్తరం దారి చుట్టూ తిరిగి చాలా ఖరీదు. మ్యాప్ చూస్తే సగం విషయం అర్థమైపోతుంది.

పాత_పేపర్లు:

నేవీబ్లూ చెప్పిందాంట్లో ఒక ముక్క కలుపుతా. అమెరికాలో కొందరికి ఈ జబ్బు తెలుసు, మందు వేద్దామని కూడా చూశారు. 2009లో కెర్రీ-లూగర్-బెర్మన్ చట్టం అని తెచ్చారు, ఏడాదికి 1.5 బిలియన్ డాలర్ల చొప్పున ఐదేళ్లు, అదీ ఆర్మీకి కాదు, స్కూళ్లు, కరెంటు, రోడ్లు లాంటి పౌర అవసరాలకి. ఉద్దేశం మంచిదే. దాంట్లో షరతు ఏంటంటే సైనిక సాయం కావాలంటే ఆర్మీ రాజకీయాల్లో వేలు పెట్టట్లేదని అమెరికా విదేశాంగ మంత్రి సర్టిఫై చేయాలి, ఆర్మీ బడ్జెట్, పెద్ద ప్రమోషన్లు పౌర ప్రభుత్వం చేతిలో ఏ మేరకు ఉన్నాయో రిపోర్ట్ ఇవ్వాలి.

అంతే, 2009 అక్టోబర్లో రావల్పిండిలో కోర్ కమాండర్లు మీటింగ్ పెట్టి దేశ భద్రతకి సంబంధించిన తీవ్ర ఆందోళన అని బహిరంగంగా స్టేట్‌మెంట్ ఇచ్చారు. సాయం పుచ్చుకునేది పౌర ప్రభుత్వం, వద్దని రంకె వేసేది ఆర్మీ. టీవీల్లో సార్వభౌమత్వం పోయిందని గోల. చివరికి అమెరికా కాంగ్రెస్ వాళ్లే మేం మీ వ్యవహారాల్లో జోక్యం చేసుకోం అని వివరణ రాసి జత చేయాల్సొచ్చింది. జనానికి స్కూళ్లకి డబ్బిచ్చిన చట్టం అక్కడ అవమానంగా మిగిలిపోయింది, 1981లో రీగన్ జియాకి ఇచ్చిన 3.2 బిలియన్ల ప్యాకేజీ, ఎఫ్-16లు మాత్రం గౌరవంగా లెక్కలోకి వెళ్లాయి. ఎవరి ద్వారా వచ్చిందన్నదే తేడా.

ఆ ఎఫ్-16ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పాక్ వైపు కోపానికి నిజమైన కారణాలు కూడా ఉన్నాయి. పాక్ బాంబు తయారీ అమెరికాకి 80లలో తెలీదా, తెలుసు. 1985లో ప్రెస్లర్ సవరణ పెట్టి, పాక్ దగ్గర అణ్వాయుధం లేదని ప్రెసిడెంట్ ఏటా సర్టిఫికెట్ ఇవ్వాలన్నారు, సోవియట్ సైన్యం ఆఫ్ఘన్‌లో ఉన్నన్నాళ్లూ ఏటా ఇచ్చారు. సోవియట్ వెళ్లిపోయింది 1989లో. 1990 అక్టోబర్లో సర్టిఫికెట్ ఇవ్వం అన్నారు, సాయం ఆగిపోయింది. పాక్ డబ్బు కట్టిన 28 ఎఫ్-16లు అమెరికా ఎడారిలోనే ఆగిపోయాయి, విమానాలూ లేవు, డబ్బూ లేదు, 1998 చివర్లో క్లింటన్ కొంత డబ్బు, కొంత గోధుమల్లాంటి సరుకు రూపంలో సెటిల్ చేశాడు. యుద్ధ విమానం అడిగితే గోధుమలు. ఆ ఎనిమిదేళ్లలో ట్రైనింగులకి కూడా అమెరికా పోకుండా పెరిగిన ఆఫీసర్ల తరమే 2001 తర్వాత అమెరికాతో పనిచేయాల్సొచ్చింది, ఇక నమ్మకం ఎక్కడ్నుంచి వస్తుంది.

గళ్లచొక్కా:

సరే నేను కూడా సీరియస్‌గా రాస్తా. మీరంతా నమ్మకం లేదు నమ్మకం లేదు అంటున్నారు, నేను అడిగేది నమ్మకం అసలు ఎవరికి కావాలి? ఆర్మీ లెక్కలో ఈ పొత్తు ఫెయిల్ కాలేదు. బాంబు వచ్చింది, ఆయుధాలు వచ్చాయి, ఐఎంఎఫ్ ఎప్పటికప్పుడు ఆదుకుంది, దేశంలో పెత్తనం చెక్కుచెదరలేదు. అమెరికా లెక్కలో కూడా 1971 జులైలో కిసింజర్ కడుపునొప్పి నాటకం ఆడి నతియాగలీ వెళ్లాడని చెప్పి పాక్ విమానంలో బీజింగ్ చెక్కేశాడు చూడు, ఆ ఒక్క పని చాలు, ప్రపంచ రాజకీయమే తిరిగింది. ఫెయిలైంది ఎవరికి అంటే ఢాకాలో వాళ్లకి. అప్పటి పాక్ పాలకుడు జనరల్ యాహ్యా ఆ పని చేసిపెడుతున్నాడని, ఢాకాలో పాక్ ఆర్మీ చేస్తున్న హత్యల మీద నిక్సన్ నోరెత్తలేదు, ఢాకాలో అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్లోనే తమ ప్రభుత్వం నైతికంగా దివాళా తీసిందని టెలిగ్రామ్ కొడితే ఆయన్నే పక్కకి తప్పించారు.

ఇంకోటి, అమెరికా ఇలా ఒక్క పాక్‌తోనే కాదు. ఈజిప్టులో 2013లో సిసీ ఎన్నికైన ప్రెసిడెంట్‌ని దింపేస్తే ఒబామా ప్రభుత్వం దాన్ని కూ, అంటే సైనిక తిరుగుబాటు, అని అననే లేదు, అంటే చట్టప్రకారం సాయం ఆపాలి కాబట్టి. కొంత ఆపారు, 2015లో మళ్లీ ఇచ్చేశారు. జనరల్‌తో డీల్ ఈజీ. ఒక్కడితో మాట్లాడితే అయిపోతుంది, అతను రేపు ఎలక్షన్లో ఓడిపోడు, పార్లమెంటులో ఎవరో లేచి ఏంటిది అని అడగడు.

మూడోవరుస:

ఈజీయే, కానీ ఆ లెక్క తప్పిన రోజులు కూడా ఉన్నాయి. టర్కీ 1952 నుంచి నాటోలో ఉంది, అమెరికా వాళ్లకి అక్కడ కూడా జనరల్స్‌తోనే అలవాటు, మూడు నాలుగుసార్లు ప్రభుత్వాల్ని దింపిన ఆర్మీ అది. 2003లో ఇరాక్ మీదకి ఉత్తరం నుంచి వెళ్లాలని టర్కీ నేలని వాడుకుంటాం అన్నారు, ఓడలు వచ్చి తీరంలో ఆగి ఉన్నాయి, మార్చి 1న పార్లమెంటులో ఓటింగ్. అవునన్నవాళ్లు 264, కాదన్నవాళ్లు 250, తటస్థులు 19. అవునన్నవాళ్లే ఎక్కువ, అయినా హాజరైనవాళ్లలో సగానికి పైగా రాలేదని తీర్మానం వీగిపోయింది. మూడు ఓట్లు. ఓడలు తిరుగుదారి పట్టి సూయజ్ మీంచి కువైట్ వెళ్లాయి.

పాక్‌లో కూడా అలాంటిది ఒకసారి కనిపించింది, 2015 ఏప్రిల్ 10న యెమెన్ యుద్ధానికి సైన్యం పంపమని సౌదీ అడిగితే పార్లమెంటు తటస్థంగా ఉంటాం అని తీర్మానం చేసింది. మనవాళ్లు అబ్బో పార్లమెంటు గెలిచింది అన్నారు. ఆర్మీకి కూడా ఆ ఊబిలోకి దిగడం ఇష్టం లేదు, అందుకే పార్లమెంటు ముందుకు వచ్చింది ఆ విషయం, సౌదీకి చెప్పుకోవడానికి ఒక సాకు దొరికింది. రెండేళ్లకి అప్పటి ఆర్మీ చీఫ్ రహీల్ షరీఫ్ రిటైరై సౌదీ పెట్టిన ఇస్లామిక్ సైనిక కూటమికి కమాండర్‌గా వెళ్లాడు.

రాత్రిబండి:

అబ్బా, చాలా రాశారు అందరూ, రెండుసార్లు చదివాను. ఇంకొక్కటి అడిగి ఆపేస్తా. మరి ఇప్పుడు మునీర్ - ట్రంప్ సీన్ కూడా అయూబ్, జియా, ముషారఫ్ టైపేనా, లేక ఏమైనా కొత్తగా ఉందా?

పాత_పేపర్లు:

సగం పాతది, సగం కొత్తది.

పాతది అంటే, ఒకే కాయితం మీద రెండు ఉద్దేశాలు. లంచ్ అయిన మూడు రోజులకి, జూన్ 21న, ట్రంప్‌కి నోబెల్ శాంతి బహుమతి ఇవ్వాలని పాక్ ప్రభుత్వం ప్రతిపాదించింది. మరుసటి రోజే అమెరికా ఇరాన్ అణు కేంద్రాల మీద బాంబులు వేసింది, అదే పాక్ ప్రభుత్వం దాన్ని ఖండిస్తూ ప్రకటన ఇచ్చింది. నిన్న శాంతిదూత, ఇవాళ ఖండన. ఇరాన్‌తో తొమ్మిది వందల కిలోమీటర్ల సరిహద్దు ఉన్న దేశానికి వేరే దారి కూడా లేదు. చైనా కూడా చూడాలి మరి, 2020-24 మధ్య పాక్ కొన్న ఆయుధాల్లో 81 శాతం చైనావి అని ఆయుధాల వ్యాపారం లెక్కలు చూసే సిప్రి సంస్థ లెక్క. ఆయుధం చైనాది, భోజనం అమెరికాది, రెండు ఫోన్లూ రావల్పిండిలోనే మోగుతాయి.

కొత్తది ఏంటంటే ఇప్పుడు టేబుల్ మీద స్థావరాలు లేవు, ట్రక్కుల దారి లేదు, ఆఫ్ఘన్ యుద్ధం అయిపోయింది. అందుకే ఖనిజాలు, క్రిప్టో అంటున్నారు. సెప్టెంబర్లో ప్రధాని షెహబాజ్, మునీర్ ఇద్దరూ వైట్‌హౌస్ వెళ్లినప్పటి ఫోటో ఒకటుంది, తెరిచిన చెక్కపెట్టెలో రాళ్లు, మునీర్ చూపిస్తుంటే ట్రంప్ చూస్తున్నాడు, ప్రధాని పక్కన నవ్వుతూ నిలబడ్డాడు. పాక్ సెనేట్‌లోనే ఒక సభ్యుడు లేచి, ఇదేం తమాషా, ఆర్మీ చీఫ్ పెట్టె పట్టుకుని సరుకు అమ్ముకుంటూ తిరుగుతాడా అని గట్టిగా అడిగాడు. పెట్టుబడుల కోసం 2023లో పెట్టిన ఎస్ఐఎఫ్‌సీ అనే కౌన్సిల్‌లో కూడా ఆర్మీ చీఫ్‌కి కుర్చీ ఉంది, కాబట్టి ఆయనకి అది డ్యూటీయే, కాయితం ప్రకారం.

నేవీబ్లూ:

కాయితం అన్నావు కాబట్టి అసలు కొత్తది అదే. ఇన్నాళ్లూ చీఫ్ మాట చెల్లేది గానీ అది అలవాటుగా చెల్లేది, మూడేళ్లకో ఆరేళ్లకో మనిషి మారేవాడు. 2024 నవంబర్లో సర్వీస్ చీఫుల పదవీకాలం మూడు నుంచి ఐదేళ్లు చేశారు. 2025 మేలో మునీర్ ఫీల్డ్ మార్షల్ అయ్యాడు, అయూబ్ తర్వాత ఈయనే. నవంబర్లో 27వ రాజ్యాంగ సవరణ, ఆర్మీ చీఫే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ ఫోర్సెస్, ఫీల్డ్ మార్షల్ హోదా జీవితాంతం, కేసులు కూడా పెట్టడానికి లేదు. అయూబ్‌కీ జియాకీ మార్షల్ లా పెట్టాల్సొచ్చింది, ముషారఫ్ కూడా 1999లో ప్రధానిని జైల్లో పెట్టాకే పాలకుడయ్యాడు. ఈయనకి పార్లమెంటే ఓటేసి ఇచ్చింది.

మధ్యలో సెప్టెంబర్ 17న రియాద్‌లో సౌదీతో రక్షణ ఒప్పందం కూడా అయింది, ఒకరి మీద దాడి జరిగితే ఇద్దరి మీద జరిగినట్టే అని. సంతకం షెహబాజ్‌ది, మునీర్ పక్కనే ఉన్నాడు. 2015లో అడిగినట్టు ఈసారి పార్లమెంటుని ముందు అడగలేదు.

రాత్రిబండి:

సౌదీ ఒప్పందం గురించి నాకు ఇంకో పది డౌట్లున్నాయి, ముఖ్యంగా అణ్వాయుధం అందులోకి వస్తుందా రాదా అని. దానికి వేరే థ్రెడ్ వేస్తా, మీరు ముగ్గురూ అక్కడికి రావాలి. గళ్లచొక్కా అన్నా నువ్వు కూడా, కానీ ఆ పాత జోకు మాత్రం ఇక్కడే వదిలేసి రా.